రామచక్రం బొంత

ఈ కాలనీలో ఆచారం ఇంకా ఊపిరి పీలుస్తోందంటే, అది ఒక్క సీతారావమ్మ గారి వంటింట్లోనే! ఈ మాట అన్నది పండితులు కాదు, పీఠాధిపతులు కాదు, సాక్షాత్తూ సీతారావమ్మే. మహిళా మండలి అధ్యక్షురాలి హోదాలో మైకు పట్టుకుని ప్రతి సమావేశం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి అంటుంది. మధ్యలోనూ అనేదే, కాకపోతే మధ్యలో టీ ఇస్తారు.

కొత్తగూడెం బొగ్గుబావుల క్వార్టర్లంటే గోడకు గోడ అంటుకున్న ఇళ్ళు. ఒకరింట్లో తిరగమోత పెడితే పక్కింట్లో తుమ్ముతారు. అలాంటి చోట ఆచారం నిలబెట్టడమంటే మాటలా? మాటలే. సీతారావమ్మ కేవలం మాటలతోనే నిలబెట్టింది. ఆమె పుట్టిల్లు తల్లాడ. అక్కడ ఆమె అన్నదమ్ములకు పాడి ఉందనీ, నెలనెలా నెయ్యి పంపుతారనీ, ఆ నెయ్యి తప్ప వేరే నెయ్యి తన గుమ్మం తొక్కదనీ ప్రసిద్ధి. ఆ నెయ్యితో ఆమె చేసే సున్నుండల వాసనకు మూడు వీధుల అవతల షుగరు జబ్బువాళ్ళు కూడా లేచి కూర్చుంటారు. అన్నదమ్ములు గేదెలమ్మేసి ట్రాక్టరు కొనుక్కుని చాలా కాలమైందన్న సంగతి ఆమె భర్త చందర్‌కు తెలుసు. కానీ చందర్ కంపెనీ ఆఫీసులో గుమాస్తా. తెలిసినవన్నీ పైకి చెప్పకూడదన్న జ్ఞానం ఆ ఉద్యోగం ఇచ్చింది.

మరి నెయ్యి ఎక్కడిది?

పక్క క్వార్టరులో జమ్లి ఉంటుంది. ఆమె భర్త లాల్‌సింగ్ బావి దిగే ఆపరేటరు. వాళ్ళది పినపాక దిక్కు తండా. ఊరికి పోయివచ్చినప్పుడల్లా జమ్లి ఒక స్టీలు డబ్బా నిండా నెయ్యి పోసి పెరటి గోడ మీంచి అందిస్తుంది.

"అక్కా, మా అన్నోళ్ల ఇంటికాడి నెయ్యి. పిల్లలకు పెట్టుండ్రి."

"అయ్యో, ఎందుకమ్మా ఇవన్నీ!" అంటూ సీతారావమ్మ రెండు చేతులా అందుకుంటుంది. మర్నాడు మండలిలో మాత్రం, "వద్దంటే బాధపడుతుందని తీసుకున్నాను. మన ఆచారానికి అది పనికిరాదుగా, కుక్కకు పోశాను" అని ప్రకటిస్తుంది. మిగతా ఆడవాళ్ళు తలలూపుతారు. అందరికంటే ఎక్కువగా ఊపేది సరిత. ఆమె మండలి కార్యదర్శి. తల ఊపడం ఆ పదవికి సంబంధించిన విధుల్లో మొదటిది.

నెయ్యి సంగతి అలా తీరింది. డబ్బా సంగతి మిగిలింది. ఇక్కడే ఒక గొప్ప ధర్మసంకటం వచ్చిపడింది. ఎవరింటి గిన్నెనైనా ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. నాలుగు జంతికలో, గుప్పెడు పెసరపప్పో, ఏమీ లేకపోతే చిటికెడు చక్కెరో వేసి ఇవ్వాలి. ఆచారం! కానీ అలా వేసి ఇస్తే జమ్లి ఇంటితో ఇచ్చిపుచ్చుకోవడాలు ఉన్నట్టే లెక్క. అది ఆచారానికి విరుద్ధం. పోనీ ఖాళీగా ఇద్దామా? అదీ విరుద్ధమే! రెండు ఆచారాల నడుమ నలిగిన ఆ ఇల్లాలు, దేనికీ భంగం రాని ఏకైక మార్గాన్ని ఎంచుకుంది: డబ్బాలు తనే ఉంచేసుకుంది. వంటింటి సజ్జ మీద అవి వరుసగా కూర్చున్నాయి. ఒకదాంట్లో పిండి, ఒకదాంట్లో చింతపండు, ఒకదాంట్లో పోపు గింజలు. ప్రతి మూత మీదా, స్టీలు సామాను కొట్లో చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు ఉంది. అయితే రోజూ చూసే వస్తువు మీద ఏం రాసి ఉందో ఎవరు చదువుతారు? గోడ మీది క్యాలెండరు ఏ కిరాణా కొట్టువాడు ఇచ్చాడో ఎంతమందికి గుర్తుంటుంది?

ఇలా ఆరేళ్ళు గడిచాక, ఫిబ్రవరి నెల సమావేశంలో జమ్లి లేచి నిలబడి ఒక్క మాట అడిగింది.

"అక్కా, ఈ యేడు శ్రీరామనవమికి పానకం కలిపేటప్పుడు నేను గూడ చెయ్యి పెడ్త."

టీ కప్పులు నోటి దగ్గరే ఆగాయి. ఫ్యాను కూడా కాస్త నెమ్మదించినట్టు అనిపించింది. నవమి పందిట్లో పానకం కలపడమంటే ఆ కాలనీలో మామూలు సంగతి కాదు. ఆ గంగాళంలో చెయ్యి పెట్టిన ఆడమనిషికి ఏడాదంతా గౌరవం. జమ్లి ఆరేళ్ళుగా పందిరి గుంజ పక్కన నిలబడి, గ్లాసు చాచి తాగినదే తప్ప కలిపినది కాదు.

సీతారావమ్మ గొంతులో తేనె పోసుకుంది. "నాకేం అభ్యంతరం లేదమ్మా జమ్లీ. నువ్వంటే నాకెంత ప్రేమో నీకు తెలియందా? కానీ ఆచారం ఉంది చూశావూ, అది నా చేతిలో లేదు."

"మరెవ్వరి చేతిల ఉన్నదే?" అని వెనక బెంచీ నుంచి నాంచారమ్మ గొంతు లేచింది. నాంచారమ్మ మొగుడు బావిలో పనిచేసి రిటైరై పోయాడు. ఆమె నోరు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. "పేరు చెప్పు బిడ్డా, పోయి అడిగొస్త."

"అత్తా, ఇది తమాషా కాదు! ఉగాది సభకు కంపెనీ పెద్దసారు భార్య శ్రీదేవి గారు ముఖ్య అతిథిగా వస్తున్నారు. ఆమె సమక్షంలోనే తీర్మానం చేద్దాం" అని సీతారావమ్మ సభ ముగించింది. అధ్యక్షురాలి ఎన్నిక కూడా ఆ సభలోనే. సీతారావమ్మ కుర్చీకి నాలుగు కాళ్ళూ ఆచారమే. ఒక కాలు లాగినా చాలు, కింద పడేది జమ్లి కాదని ఆమెకు బాగా తెలుసు.

ఈలోగా మార్చి వచ్చింది. మార్చితో పాటు శిక్షణ వచ్చింది. మహిళల్ని స్వయం ఉపాధి వైపు నడిపించే పథకం ఒకటి ఏడాదంతా పడుకుని, బడ్జెట్టు మురిగిపోయే నెలలో దిగ్గున లేచింది. ఇంట్లో దొరికే వస్తువులతో బట్ట మీద అచ్చులేసి, ఆ బట్టతో బొంతలు కుట్టడం నేర్పుతారట! హైదరాబాదు నుంచి భవాని అనే డిజైను పిల్ల వచ్చింది.

"ఎండలు గిట్ల కొడుతుంటె బొంతలా?" అని నాంచారమ్మ నోరెళ్ళబెట్టింది. "కొత్తగూడెంల ఏప్రిల్ నెలల బొంత కప్పుకుంటే మనిషి ఉడికిపోతడు. సర్కారుకు చలి పెట్టిందా ఏంది?"

"బొంత అనకండి ఆంటీ, క్విల్ట్ అనండి" అంది భవాని.

"గట్లంటే చెమట పట్టదా?"

సీతారావమ్మ కలగజేసుకుంది. నిజానికి ఆమె ఇంట్లోనూ బొంతలున్నాయి. చుట్టాలొస్తే వాటిని మంచం కిందికి తోసి, పైన పూల దుప్పటి పరుస్తుంది. కానీ శ్రీదేవి గారి డ్రాయింగు రూములో సోఫా మీద ఒక క్విల్టు పరచి ఉందని తెలిసిన నాటి నుంచి ఆమెకు బొంత మీద అపారమైన గౌరవం కలిగింది. "ఇది మన సంస్కృతి! ఉగాదికి శ్రీదేవి గారికి మనం అచ్చులేసిన క్విల్టే బహూకరిద్దాం. మధ్య ముక్క మీద అచ్చులు నేనే వేస్తాను" అని తేల్చింది.

మర్నాడు ఆడవాళ్ళంతా వంటిళ్ళు ఊడ్చుకుని వచ్చారు. హాల్లో పాత పేపర్లు పరిచి, స్పాంజి ముక్కల మీద రంగు పోసి, తెల్ల కోరాబట్ట చాపారు. పప్పుగుత్తి ముంచి అద్దితే పువ్వు వచ్చింది. బెండకాయ తొడిమ దగ్గర కోసి అద్దితే చుక్క వచ్చింది. జంతికల గొట్టం బిళ్ళ, టీ వడపోత, గాజులు, కూల్‌డ్రింకు సీసా అడుగు, అన్నీ రంగులో మునిగి లేచాయి. సరిత చపాతీ కర్రకు పురికొస చుట్టి దొర్లించింది. బట్ట మీద వాన పడ్డట్టు గీతలొచ్చాయి. జమ్లి తన గాజుల అంచులు ముంచి గొలుసుల్లా అద్దుకుంటూ పోయింది. నాంచారమ్మ సంచీలోంచి ఒక బూటు తీసింది.

"ఇదేంటత్తా!"

"మా ముసలాయన బావి బూటు. ఇంట్ల ఉన్న సామాన్లు తెమ్మన్నరు గద." ఆమె అడుగు భాగాన్ని రంగులో అద్ది ఠపీమని కొట్టింది.

"వావ్! జామెట్రికల్‌గా ఎంత బాగుందో!" అని భవాని చప్పట్లు కొట్టింది.

"అపచారం!" అని సీతారావమ్మ చెవులు మూసుకుంది. "పండక్కి ఇచ్చే దుప్పటి మీద బూటా?"

"ఎందుకే గంత ఇదైతవు? భరతుడు అన్న చెప్పుల్ని ఏకంగ గద్దె మీదనే పెట్టిండు. నేను బొంత మీదనే గద పెట్టిన."

 సీతారావమ్మ విసవిసా లేచి దూరంగా, గోడ వారగా, వేరే పేపరు పరుచుకుంది. ఒకరి పప్పుగుత్తి ముంచిన రంగు ఆమెకు పనికిరాదు. తన స్పాంజి, తన రంగు, తన వస్తువు! సంచీలోంచి ఒక స్టీలు మూత తీసింది. పొద్దున హడావుడిలో పిండి డబ్బా మీదిది ఊడబెరుక్కుని వచ్చింది. గుండ్రంగా, మధ్యలో వలయాలతో ముచ్చటగా ఉంది. స్పాంజి మీద అద్ది, బట్ట మీద ఒత్తి, ఎత్తింది.

ఎర్రటి చక్రం. చక్రం మధ్యలో, రంగు అంటని సన్నని తెల్లచుక్కలు తీగలు తీగలుగా అల్లుకున్నాయి.

"మేడం! ఈ డాట్ వర్క్ అద్భుతం!" భవాని మోకాళ్ళ మీద కూర్చుంది. "ఇలాంటి మోటిఫ్ నేనెక్కడా చూడలేదు. ఏ ట్రెడిషన్ ఇది? ఆ బ్లాక్ ఒకసారి చూడొచ్చా?"

"ముట్టుకోకూడదు!" అని సీతారావమ్మ మూతను కొంగు చాటున దాచింది. దాచాక, ఏ సంప్రదాయమో కూడా ఆమెకు తట్టింది. "ఇది మా తల్లాడ వాళ్ళింట్లో వంశపారంపర్యంగా వస్తున్న ముగ్గు. రామచక్రం అంటారు. మా నాయనమ్మ భద్రాచలం యాత్రకు వెళ్ళినప్పుడు ఆమెకు కలలో కనిపించింది. మడి కట్టుకున్నవాళ్ళే వేయాలి."

తెలుగు అక్షరాలు మొదటే గుండ్రంగా ఉంటాయి. వాటిని తిరగేసి అచ్చు వేస్తే ముగ్గు కాక మరేమవుతాయి? అచ్చులో కుడి ఎడమై, ఎడమ కుడై, ఎవరికీ అక్షరమన్న అనుమానమే రాలేదు. మూతను ఇంకెవరి చేతికైనా ఇచ్చి ఉంటే ఆనాడే గుట్టు తెలిసేది. కానీ మడి ఊరుకుంటుందా? అధ్యక్షురాలు స్వహస్తాలతో, ఒక్క చక్రం కూడా వంకర పోకుండా, మధ్య ముక్క నిండా రామచక్రాలు వేసింది.

ఉగాది వచ్చింది. హాలు బయట తారు కరుగుతోంది. హాలు లోపల, వేదిక వెనక, రామచక్రం బొంత నిలువెత్తున వేలాడుతోంది. దాన్ని చూస్తేనే ముందు వరుస వాళ్ళకు చెమట పట్టింది. శ్రీదేవి గారు వచ్చారు, పచ్చడి తిన్నారు, దీపం వెలిగించారు. సీతారావమ్మ మైకు అందుకుంది.

"మా ఆచారానికి ప్రతీక ఈ రామచక్రం! అన్యుల చేయి సోకని పవిత్ర ముద్ర! ఇదే పవిత్రతతో నవమి పానకం కూడా ఎప్పటిలాగే..."

"ఒక్క నిమిషం సీతారావమ్మ గారూ" అంది శ్రీదేవి. "ఎంత బాగుందో! ముందు దీని ముందు ఒక సెల్ఫీ తీసుకుందాం రండి."

అధ్యక్షురాలికి ఇంతకంటే కావలసిందేముంది? కొంగు సవరించుకుని పక్కన నిలబడింది. శ్రీదేవి ఫోను ఎత్తింది. సెల్ఫీ కెమెరాకు ఒక పాడు బుద్ధి ఉంది. అద్దంలోలాగా కుడిని ఎడమగా, ఎడమను కుడిగా చూపిస్తుంది. తిరగబడ్డ దాన్ని మళ్ళీ తిరగేస్తే ఏమవుతుంది?

శ్రీదేవి నవ్వు ఆగింది. తెర మీదికి వంగింది. వేళ్ళతో పెద్దది చేసింది. కూడబలుక్కుంటూ చదివింది. "జ... మ్లి. లాల్... సింగ్. అరే! ప్రతి చక్రంలోనూ ఉంది. జమ్లి, లాల్‌సింగ్. ఎవరండీ వీళ్ళు? ఆర్టిస్టులా?"

మైకు ఇంకా సీతారావమ్మ చేతిలోనే ఉంది. అందుకని ఆ ప్రశ్న కాలనీ అంతా వినపడింది.

మూడో వరుసలోంచి జమ్లి మెల్లగా లేచింది. "ఆర్టిస్టులం కాదు మేడం. అది మా నెయ్యి డబ్బ మూత. అక్కకు నెయ్యి పోసిచ్చిన డబ్బది."

"గా నెయ్యి కుక్కకు పోసిందట గదనే!" అంది నాంచారమ్మ. "ఎంత తెలివిగల్ల కుక్కనో! నెయ్యి తాగి, డబ్బ కడిగి, సజ్జ మీద సర్దిపెట్టుకున్నది."

నవ్వాల్సిన చోట హాల్లో ఒక్కరూ నవ్వలేదు. ఇది సీతారావమ్మకు వింతగా తోచింది. సరిత అయితే తలూపడం కూడా మానేసి కాళ్ళ గోళ్ళు చూసుకుంటోంది. కానీ వింతపడటానికి సమయమేది? కుర్చీ కాలు కదులుతోంది! ఆపదలోనే నాయకత్వం బయటపడుతుంది. సీతారావమ్మ గొంతు సవరించుకుంది.

"అవును! జమ్లి పేరే! కావాలనే వేశాను! మనలో మనకు భేదాలెందుకని, నా చెల్లెలు జమ్లి పేరుని రామచక్రం మధ్యలో పెట్టుకున్నాను. ఈ రోజు దాకా రహస్యంగా ఉంచాను. కుక్క, గిక్క అన్నది వట్టి సరదాకు!"

శ్రీదేవి కళ్ళు చెమ్మగిల్లాయి. "ఎంత గొప్ప మనసండీ! మీలాంటివాళ్ళే అధ్యక్షురాలిగా ఉండాలి. అయితే నవమి పానకం కూడా మీరిద్దరూ కలిసే కలుపుతారు, అంతేగా?"

చప్పట్లు. ఎన్నిక ఏకగ్రీవం. సీతారావమ్మ చిరునవ్వుతో తలూపింది. ఆ చిరునవ్వు పెట్టడానికి ఆమె ముఖంలో ఎన్ని కండరాలు ప్రాణత్యాగం చేశాయో ఎవరికీ తెలియదు. అయినా పరవాలేదు. కుర్చీ దక్కింది, పేరూ దక్కింది. ఒక్కరోజు గంగాళంలో రెండో చెయ్యి ఉంటే ఉండనీ!

అప్పుడు జమ్లి వేదిక దగ్గరికొచ్చింది. మైకు అడిగి తీసుకుంది.

"మేడం, పానకంల చెయ్యి పెట్టాల్నని నాకు శాన ఉన్నది. కానీ నేను పెట్ట."

"అదేం మాటమ్మా?" అంది శ్రీదేవి.

"మా తండాల ఒక ఆచారమున్నది మేడం. మా ఇంటి గిన్నె పోయి మళ్ళ రాకపోతే, ఆ ఇంటోళ్లతోని కలిసి ఒక్క గంగాళంల చెయ్యి పెట్టొద్దు. దోషం. గిన్నె ఖాళీగ వచ్చినా దోషమే." ఆమె సీతారావమ్మ వైపు తిరిగి చేతులు జోడించింది. "ఏమనుకోకు అక్కా. నువ్వంటె నాకు పాణం. కానీ ఆచారం నా చేతిల లేదు గద?"

ఆచారం! ఆ మాట విన్నాక సీతారావమ్మ ఏమనగలదు? తప్పంటే రేపు తన ఆచారాన్ని ఎవరైనా తప్పంటారు. మూఢనమ్మకమంటే ఇంకా ప్రమాదం. ఆరేళ్ళుగా తాను మైకులో చెప్పిన దాన్నంతా తలచుకుని, "ఆచారాన్ని గౌరవించాల్సిందే" అని ఆమె తన నోటితో తానే ఒప్పుకుంది.

ఆ సాయంత్రం సజ్జ మీది డబ్బాలన్నీ దిగాయి. పిండి, చింతపండు, పోపు గింజలు పాత పేపర్ల మీద కుప్పలు పడ్డాయి. ఖాళీగా ఇస్తే దోషం కాబట్టి సీతారావమ్మ సున్నుండలు చుట్టి డబ్బాల నిండా సర్దింది. సున్నుండలకు నెయ్యి కావాలి. ఆ నెయ్యి ఎవరిదో వేరే చెప్పాలా?

"నేను తీసుకెళ్ళి ఇవ్వనా?" అన్నాడు చందర్.

"మీరు నోరు మూసుకుని కూర్చోండి" అని చెప్పి, డబ్బాల సంచీ మీద తువ్వాలు కప్పుకుని, ఎవరి కంటా పడకుండా పెరటి దారిన జమ్లి ఇంటి వెనక్కి నడిచింది.

అక్కడ సరిత ఉంది. చంకలో ఒక సంచీ ఉంది. దాని మీద తువ్వాలు ఉంది.

సరిత వెనక మరో ఇద్దరున్నారు. వాళ్ళ వెనక ఇంకొందరు. మండలి కార్యవర్గం పూర్తి కోరంతో జమ్లి పెరట్లో వరుస కట్టి ఉంది. ఏ సమావేశానికీ ఇంత మంది వచ్చిన దాఖలా లేదు! ఒకరినొకరు చూసుకున్నారు.  గాలికి ఒక తువ్వాలు తొలిగితే కింద స్టీలు తళుక్కుమంది.

"మీ కుక్క కూడా...?" అంది చివరికి సీతారావమ్మ గొంతు తగ్గించి.

"అవ్ అక్కా. మాది పిల్లి" అంది సరిత.

జమ్లి ఒక్కొక్క డబ్బా అందుకుంది. మూత తీసి చూసింది, వాసన చూసింది, మూత పెట్టింది. సీతారావమ్మ వంతు వచ్చినప్పుడు ఒక సున్నుండ తీసి కొరికింది. "శాన మంచిగున్నయ్ అక్కా! మీ తల్లాడ నెయ్యి తీరే వేరు" అంది. ఇంకొకటి తీసి సీతారావమ్మ చేతిలో పెట్టింది. "నవమికి పొద్దున్నే వస్త. బెల్లం దంచి పెట్టుండ్రి."

సీతారావమ్మ తన పెరట్లోకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.  గోడకు అవతల నాంచారమ్మ కట్టెపీట లాక్కుని కూర్చున్న చప్పుడైంది.

"నిజం చెప్పు బిడ్డా" అంటోంది నాంచారమ్మ. "మీ తండాల గసొంటి ఆచారం ఎప్పటి సంది ఉన్నది? నేను ఎన్నడు ఇనలే."

"యాడిదత్తా ఆచారం!" అంది జమ్లి. "ఇయ్యాల మైకు పట్టుకున్నంక వచ్చింది."

"వారినీ! మరి ఎవరన్న నిలదీసి అడిగితె?"

"ఎవరడుగుతరు అత్తా? మీదెప్పుడు పుట్టిందని నన్ను అడగాల్నంటె, ముందుగాల వాళ్లది ఎప్పుడు పుట్టిందో చెప్పాలె గద!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. గోడ ఇవతల సీతారావమ్మకు ఒళ్ళు మండిపోయింది. మోసం! ఎంత మోసం! అడిగేయాలి, ఇప్పుడే, గోడ మీంచి తల ఎత్తి కడిగేయాలి! మునివేళ్ళ మీద లేచింది. నోరు తెరిచింది.

తెరిచిన నోరు చాలాసేపు అలాగే ఉంది. తర్వాత ఆమె చేతిలోని సున్నుండను అందులో పెట్టుకుంది. నోట్లో ముద్ద ఉండగా మాట్లాడకూడదు కదా. ఆచారం!